బెరెంగారు మేత్రాణుల ఐదో అంకం

అమెరికాలో, మిషిగన్‌లోని ట్రాయ్‌లో తాత ఇంటి గరాజ్‌లో కారుకు చోటుండదు. వాన పడ్డా, మంచు పడ్డా కారు బయటే తడుస్తుంది. లోపల మాత్రం ఒక బిషప్పు గారు వెచ్చగా కాపురం ఉంటారు. గోడకు తగిలించిన ఊదారంగు అంగీ, అలమరలో రెండు కొనల కిరీటం, మూలన నిలువెత్తు కాపరి దండం. కిరీటం కారు సీటు తోలుతో కుట్టింది. దండం కారు సైలెన్సర్ గొట్టం వంచి చేసింది, మధ్యలో మర తిప్పితే రెండు ముక్కలవుతుంది. పైకొనన గొర్రెల కాపరి కర్రలా తిరిగిన ఆ వంపును చూసి, అమెరికన్ ఫాదర్ ఒకాయన దీన్ని రోము నుంచి తెప్పించారా అని అడిగాడట. ఆ మాట తాత చెప్పనివాళ్లంటూ ఈ ఊళ్లో లేరు. ఇంటర్నెట్ బాగుచేయడానికి వచ్చిన మనిషిని కూడా గరాజ్‌లోకి తీసుకెళ్లి మరీ చెప్పాడు.

తాత పేరు బాలశౌరి. గుంటూరు దగ్గర కతోలికుల ఊళ్లో, గుడిలో జపాలు నేర్పే ఉపదేశి గారి కొడుకు. ఇంజనీరింగ్ చదివి, మీసాలు సరిగ్గా రాకముందే మిషిగన్ వచ్చి, కార్ల సీట్లకు తొడుగులు చేసే కంపెనీలో నమూనాలు గీస్తూ జుట్టు తెల్లబరచుకున్నాడు. ఇప్పటికీ ఎవరి కారెక్కినా ముందు సీటు కుట్టు తడిమి, పెదవి విరిచి, ఆ తర్వాతే బెల్టు పెట్టుకుంటాడు. అయితే అదంతా పొట్టకూటి పని. అసలు ఉద్యోగం బెరెంగారు మేత్రాణులుగా ఉండటం.

మేత్రాణులంటే బిషప్పే. తాత ఊళ్లో ఆ మాటే వాడతారు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కతోలికులు ఏటా నవంబరులో నోవైలో ఒక ఆడిటోరియం అద్దెకు తీసుకుని పండుగ చేసుకుంటారు. పొద్దున పూజ, మధ్యాహ్నం బిర్యానీ, ఆ తర్వాత అయిదంకాల పద్యనాటకం. అందులో మేత్రాణులు తాత. ఇరవై ఏళ్లకు పైగా అదే నాటకం, అదే తాత.

ఈ బెరెంగారు ఎవరంటే, తాత చదివిన బోర్డింగ్ స్కూల్లో ఇటలీ ఫాదర్ ఒకాయన వానాకాలం సాయంత్రాలు పిల్లలకు చెప్పిన కథలోని మనిషి. వెయ్యేళ్ల కిందట ఫ్రాన్సు కొండల్లో తోళ్లు శుద్ధిచేసే పనివాడికి పుట్టాడు. ఒంటికి తోలు కంపు కొడుతుందని మఠంలో పిల్లలు పక్కన కూర్చోనిచ్చేవారు కాదు. అయినా లాటిను నేర్చి, ముసలి మేత్రాణుల దగ్గర ఉత్తరాలు రాసే రాయసగాడిగా చేరాడు. ఆయన పోయాక తర్వాత ఎవరని పెద్దలు తర్జనభర్జన పడుతుంటే, గుడి బయట జనం ఒక్క గొంతుతో బెరెంగారు పేరే అరిచారట. అలా మేత్రాణులయ్యాడు. కరువొస్తే గుడిలోని వెండి దీపస్తంభాలు అమ్మి ఊరికి గంజి పోశాడు. నది మీద వంతెన కట్టించాడు. వంతెన కింద దొరికిన ఒక అనాథ పిల్లవాణ్ణి, పేరు గిస్లేను, పెంచి పెద్దచేసి గురువును, అంటే ఫాదర్‌ను చేసి, తనంతటివాణ్ణి చేశాడు. ఆ ప్రాంతపు డ్యూకు కట్టుకున్న భార్యను వదిలేసి ఇంకో పెళ్లికి సిద్ధమై, వచ్చి మంత్రాలు చదవమంటే, నా గుడిలో కుదరదన్నాడు. డ్యూకు సైన్యం వచ్చింది. ఊరి కోట గట్టిది. కానీ వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. తెరిచింది గిస్లేను.

మేత్రాణుల్ని ఊరి నుంచి వెళ్లగొట్టారు. ఆయన ఏదో మఠంలో కూరపాదులు పెట్టుకుంటూ బతికి, మంచం పట్టాడు. ఆఖరి రోజున గిస్లేను వచ్చి కాళ్ల మీద పడ్డాడు. అప్పుడు మేత్రాణులు క్షమిస్తూ పాడే పద్యమే నాటకానికి ఆయువుపట్టు. దాని చివరి రెండు పాదాలు ఇవి:

తలుపు తీసిన చేయియే తండ్రి యనుచు
తట్టెనేని నా గుండెయే తలుపు తీయు

ఇటలీ ఫాదర్ ఈ చోటుకు రాగానే కళ్లజోడు తీసి తుడుచుకునేవాడట. ఆ తర్వాత ఊళ్లో ఎవరో ఆ కథను పద్యాల్లో పెట్టారు. తాత దాన్ని తలలో పెట్టుకుని విమానమెక్కాడు. ఒకసారి మనవలు ఇంటర్నెట్‌లో గంటసేపు వెతికి, అలాంటి బిషప్పు ఎక్కడా లేడని, ఆ ఫాదర్ నలుగురైదుగురు బిషప్పుల్ని కలిపి ఒకణ్ణి వండి ఉంటాడని తేల్చారు. తాత చలించలేదు. "ఇంటర్నెట్ మొన్న పుట్టింది. దానికేం తెలుసురా?" అన్నాడు.

గిస్లేను వేషం రాయప్పది. రాయప్ప అంటే తాతకు ప్రాణం. ఒకే కంపెనీలో పక్కపక్క బల్లల దగ్గర పనిచేశారు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. తాత మోకాలి ఆపరేషన్‌కు రాయప్పే తీసుకెళ్లాడు. రాయప్ప భార్య పోయినప్పుడు తాత, నాయనమ్మ లూర్దమ్మ నెల రోజులు అతని ఇంట్లోనే ఉండి వంట చేసిపెట్టారు. వేదిక మీద మాత్రం అతను తలుపు తీస్తుంటే చిన్నపిల్లలు ఏడ్చేవారు. ఒకావిడ బిర్యానీ వడ్డిస్తూ, "మేత్రాణులకు అంత ద్రోహం చేసి ఎట్లా తింటావు నాయనా?" అని లెగ్‌పీస్ వెనక్కి తీసేసుకుంది. ఆ కథ రాయప్ప ఎంతో గర్వంగా చెప్పుకునేవాడు.

అసలు గొడవ పోయినేడు మొదలైంది.

రెండో అంకం చివర గిస్లేను గురువయ్యే ఘట్టం ఉంది. వాడు మోకరిస్తాడు, మేత్రాణులు తల మీద చేయిపెట్టి దీవెన పద్యం పాడతారు. ఐదో అంకంలోనూ వాడు అలాగే మోకరిస్తాడు, చేయీ అలాగే పెడతారు. తాత చేయి పెట్టాడు. నోరు తెరిచాడు. ఆ తర్వాత ఏం జరిగిందో ఆయనకు సరిగ్గా తెలియదు. మిషిగన్‌లో మంచు కురిసేటప్పుడు రోడ్డు మీది గీతలన్నీ ఒక్కసారిగా మాయమై, ఏ వరుసలో ఉన్నామో తెలియకుండా పోతుంది చూడండి, అలా అయింది. తేరుకునేసరికి క్షమాపద్యం మొత్తం పాడేసి, ఆచారం ప్రకారం పక్కకు ఒరిగి చనిపోయి ఉన్నాడు.

అంటే ద్రోహం చేయకముందే ద్రోహిని క్షమించేసి, మూడు అంకాలు మిగిలి ఉండగానే మేత్రాణులు స్వర్గానికి వెళ్లిపోయారు.

రాయప్ప మోకాళ్ల మీదే బిత్తరపోయి, "నేనింకా ఏమీ చేయలేదు గదా ప్రభూ!" అన్నాడు. జనం గొల్లుమన్నారు. అంతలో రాయప్ప లేచి నిలబడి చేతులు చాచి, "అయ్యో, ప్రభువులు సొమ్మసిల్లారు! రాబోయేదంతా దర్శనంలో చూశారు కాబోలు! నా వల్లనా ఈ కీడు? తెర దించండి!" అని అరిచాడు. తెర పడింది. మూడో అంకంలో తాత నిక్షేపంలా లేచి వచ్చాడు. దర్శనం భలే పెట్టారని జనం చప్పట్లు కొట్టారు. కొత్తగా రాశారా అని కొందరు అడిగారు కూడా.

ఆ రోజు కారు రాయప్పే నడిపాడు. ట్రాయ్‌లో ఇంటి ముందు ఆగాక తాత, "ఒరే బావా, అది దర్శనం కాదురా" అన్నాడు.

"నాకు తెలీదా ఏంది?"

"ఎవరికన్నా తెలిస్తే..."

"ఎవరికి తెలుస్తది? నువ్వు చెప్పవు, నేను చెప్పను. బెరెంగారి మీద ఒట్టు." రాయప్ప తాత చేయి పట్టుకుని వేలికి ఉన్న గాజురాయి ఉంగరాన్ని, నాటకంలో లాగా, ముద్దుపెట్టుకున్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

తర్వాత తాత ఇంకోసారి తప్పాడు. టొలీడోలో ఒక పెళ్లికి వెళ్తూ దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయి, తర్వాతిదీ దాటిపోయి, ఒహాయోలో ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య ఆగాడు. పక్క సీట్లో ఉన్నది రాయప్పే. అప్పుడూ ఎవరికీ చెప్పనన్నాడు. కానీ నాయనమ్మకు చెప్పాడు. ఆ వారం నుంచి కారు తాళాలు నాయనమ్మ బ్యాగులోకి వెళ్లిపోయాయి. తాత అప్పుడే అనుమానించి ఉండాల్సింది. పాపం, అనుమానించలేదు.

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం కమిటీ నుంచి దేదీప్య వచ్చింది. ఆ అమ్మాయి కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో పుట్టి పెరిగి, ఉద్యోగం కోసం ఇటు వచ్చింది. చేతిలో స్వీట్ల డబ్బా, ముఖం నిండా నవ్వు.

"అంకుల్, ఈ ఇయర్ మేము మిమ్మల్ని ఆనర్ చేద్దాం అనుకుంటున్నాం. శాలువా, మెమెంటో, ఫుల్ సన్మానం! కమిటీలో అందరూ ఎస్ అన్నారు."

తాత సోఫాలో రెండంగుళాలు పైకి లేచాడు. "ఎందుకమ్మా అవన్నీ..." అంటూనే, శాలువా ఏ రంగైతే తనకు బాగుంటుందో అప్పుడే చూసుకోవడం మొదలుపెట్టాడు. "ఏ అంకం తర్వాత పెడతారు? ఆ అంగీ మీద శాలువా నప్పదు. నేను వేషం తీసి రావాలి గదా."

దేదీప్య జంతికలు ఉన్న పళ్లెం వైపు చూసింది. "డ్రామా కంటే ముందే పెట్టాం అంకుల్. మీకు ఫ్రంట్ రో. ఆంటీకి పక్క సీట్."

"నేను ఫ్రంట్ రోలో కూర్చుంటే స్టేజీ మీద బెరెంగారు ఎవరమ్మా?"

దేదీప్య ఒక జంతిక తీసుకుంది. తినలేదు. "రాయప్ప అంకుల్."

సన్మానమంటే ఏమిటో తాతకు తెలియనిది కాదు. తనే కమిటీలో ఉన్న రోజుల్లో, హార్మోనియం వాయించే పెద్దాయనకు వేళ్లు వణుకుతున్నాయని గుసగుసలు మొదలైతే, ఆయన్ని పిలిచి శాలువా కప్పి, గంటసేపు పొగిడి, చప్పట్ల మధ్య కిందికి దించారు. మర్నాటి నుంచి ఆయన్ని హార్మోనియం ముట్టుకోమన్నవాళ్లు లేరు. ఆ శాలువా కప్పిన చేతులు తాతవే. ఇన్నాళ్లకు అది చుట్టూ తిరిగి తన భుజం మీదికే వచ్చింది.

"ఎందుకని?" అన్నాడు. గొంతులో మేత్రాణులు లేరు, బాలశౌరి ఒక్కడే ఉన్నాడు.

"మీ హెల్త్ కోసమే అంకుల్. లాస్ట్ ఇయర్ అది దర్శనం కాదట గదా, మీరు నిజంగానే మర్చిపోయారని... డ్రైవింగ్‌లో కూడా ఎగ్జిట్స్ మిస్ అవుతున్నారని రాయప్ప అంకుల్ చెప్పారు. ఆయన చాలా వర్రీ అవుతున్నారు. ప్లీజ్, ఫీల్ అవ్వకండి."

తాత ఫీల్ అవ్వలేదు. రాయిలా కూర్చున్నాడు. చివరికి దేదీప్యే, "అంకుల్, కిరీటం, దండం కూడా ఇస్తే..." అంది.

"కిరీటం తీసుకుపో. దండం కనపడటం లేదు."

"గరాజ్‌లో మూలనే గదండీ..." అనబోయిన నాయనమ్మ, తాత ముఖం చూసి, ఖాళీ అయినవీ కానివీ కప్పులన్నీ ఏరుకుని వంటింట్లోకి నడిచింది. దేదీప్య కారు మలుపు తిరగ్గానే తాత గరాజ్‌లోకి వెళ్లి, దండం మర విప్పి, రెండు ముక్కలూ దుప్పట్లో చుట్టి, బయట తాళం వేయకుండా ఉన్న కారు డిక్కీలో మంచు తీసే పార కింద దాచాడు. వెయ్యేళ్ల నాటి మేత్రాణుల అధికారమంతా ఆ రాత్రి నుంచి స్పేర్ టైరు పక్కన పడుకుంది.

రాయప్ప ఫోన్ చేస్తే తాత ఎత్తలేదు. ఇంటికొస్తే బాత్రూంలో ఉన్నాడని చెప్పించాడు. కానీ ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర దొరికిపోయాడు. రాయప్ప బెండకాయల కొనలు విరుస్తూ నిలబడి ఉన్నాడు.

"బావా, ఒక్కమాట విను."

"బెండకాయలు విరవొద్దని బోర్డు పెట్టారు. చదవటం రాదా?"

"నీ కోసమే చెప్పాను బావా. అందరి ముందూ మళ్లీ అట్లా జరిగితే? నవ్వుతారు. నిన్ను చూసి జనం నవ్వితే నేను చూడలేను."

"అందుకని నా కిరీటం నువ్వు పెట్టుకున్నావా?"

"వాళ్లే అడిగారు. పద్యాలన్నీ ఇంకెవరికి వచ్చు చెప్పు?"

"గిస్లేను కూడా ఇదే అన్నాడు. నాలుగో అంకం, రెండో రంగం. 'డ్యూకే అడిగెను, నేనేమి చేతును' అని. ఇన్నేళ్లు వేషం వేసి వేసి నీకు ఒంటికి పట్టిందిరా."

రాయప్ప విరిచిన బెండకాయను సంచిలో వేశాడు. తప్పించుకోవడానికి, ఎప్పటిలాగే, నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "అయినా పోయినేడే క్షమించేశావు గదా బావా. అందరి ముందు, పద్యం పాడి మరీ. ఇప్పుడు కొత్తగా కోపమేంది?"

వేరే రోజైతే ఆ మాటకు తాత స్టోరంతా వినపడేలా నవ్వేవాడు. ఈసారి చేతిలోని కరివేపాకు కట్ట అక్కడే పెట్టేసి బయటికి నడిచాడు. ఆ సాయంత్రం నాయనమ్మ చారులో కరివేపాకు లేదు. ఎందుకు లేదని ఆమె అడగలేదు.

పండుగ రోజు వచ్చింది. పొద్దుటి నుంచే సన్నగా మంచు. తాత సూటు వేసుకున్నాడు, టై కట్టుకున్నాడు, ఉరికంబం ఎక్కేవాడిలా కారెక్కాడు. నాయనమ్మ నడిపింది. డిక్కీలో దండం ప్రతి గుంటకూ ఖణేల్మంది. "పార కదులుతున్నట్టుంది" అన్నాడు తాత. నాయనమ్మ ఊఁ అంది.

సన్మానం జరిగింది. దేదీప్య అమెరికన్ యాసలో 'కళాప్రపూర్ణులు' అన్న మాటను మూడుసార్లు పలకబోయి, నాలుగోసారి 'గ్రేట్ ఆర్టిస్ట్' అని సరిపెట్టుకుంది. శాలువా కప్పడానికి రాయప్పను పిలిచారు. అతను అప్పటికే ఊదారంగు అంగీలో, తాత కుట్టిన కిరీటంలో ఉన్నాడు. తల చిన్నది కావడంతో కిరీటం కనుబొమల మీదికి జారుతోంది. లోపల పేపరు కుక్కారని తాత ఒక్క చూపులో కనిపెట్టాడు. రాయప్ప శాలువా కప్పుతూ చెవిలో, "బావా" అన్నాడు. తాత ఫొటోగ్రాఫర్ వైపు చూశాడు. ఫొటోలో ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

నాటకం మొదలైంది. మొదటి అంకం చివర, జనం పేరు అరిచాక, కొత్త మేత్రాణులు దండం పట్టుకుని గుడిమెట్లు దిగి రావాలి. రాయప్ప దిగాడు. చేతిలో దండం ఉంది. అది బంగారు రంగు కాగితం చుట్టిన హాకీ కర్ర.

ముందు ఎక్కడో చిన్న నవ్వు. తర్వాత వరుసల వెంట పాకింది. తాతకు కూడా నవ్వొచ్చింది. నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. రాయప్ప ఆ కర్రతో నేలను తాటించి, "నా మందను నేనే కాచెదను!" అనగానే వెనక వరుసలోంచి ఎవరి పిల్లాడో "గోల్!" అని కేక పెట్టాడు. హాలంతా పగలబడి నవ్వింది. తాత భుజాలు కదిలిపోయాయి. ఇన్ని వారాల్లో మొదటిసారి ప్రాణం హాయిగా ఉంది.

రెండో అంకం. కరువు. వెండి దీపస్తంభాలు అమ్మేయమని మేత్రాణులు చెప్పే చోటు. "నా బిడ్డలు ఆకలితో ఉండగా దేవునికి వెండి వెలుగు ఎందుకు?" అన్నాడు రాయప్ప, బాగానే అన్నాడు. కానీ అప్పటికి జనం కళ్లు కర్ర మీదే ఉన్నాయి. కాగితం ఊడి వేలాడుతోంది. మళ్లీ నవ్వారు. ఇటలీ ఫాదర్ కళ్లజోడు తీసి తుడుచుకునే చోట్లలో ఇదీ ఒకటి. ఇక్కడ ఎవరూ ఇంతవరకు నవ్వలేదు. పోయినేడు తాతను చూసి నవ్విన నవ్వు కూడా ఇంత దూరం రాలేదు.

తాత నవ్వు సగంలో ఆగిపోయింది. వాళ్లు నవ్వుతున్నది రాయప్పను చూసి కాదు. బెరెంగారును చూసి. తోలు కంపు కొడుతుందని పిల్లలు దూరం జరిగిన ఆ మనిషిని వెయ్యేళ్ల తర్వాత నోవైకి తీసుకొచ్చి, ఒక ఆడిటోరియంలో మళ్లీ అందరూ నవ్వేలా చేసింది తనే. వెనక తలుపు తీసింది ఎవరు? దండం ఎవరి కారులో ఉంది? మూడో అంకంలో మేత్రాణులు డ్యూకును ఎదిరించినంతసేపూ తాత శాలువా అంచును మెలిపెడుతూ కూర్చున్నాడు.

ఇంటర్వెల్‌లో అందరూ సమోసాల వైపు వెళ్లారు. తాత లేచాడు.

"ఎక్కడికండీ?" అంది నాయనమ్మ.

"కార్లో... పార సరిగ్గా పెట్టొస్తాను. తాళాలివ్వు."

నాయనమ్మ బ్యాగులోంచి తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టింది. "కిందిది పెద్ద ముక్క. ముందు అది తీయండి, లేకపోతే దుప్పటి ఇరుక్కుంటుంది. పోయిన వారం పార కోసం వెళ్లినప్పుడు చూశాలే."

పార్కింగ్‌లో కార్లన్నీ తెల్లగా ఒకేలా ఉన్నాయి. తాత రెండుమూడు కార్ల ముందు ఆగి, తనది కాదని తెలుసుకుని ముందుకు నడిచాడు. చివరికి దొరికింది. దండం తీసి, మర బిగించి, మంచులో దాన్నే చేతికర్రగా ఊనుకుంటూ వెనక తలుపు దాకా వచ్చి కొట్టాడు. తలుపు తీసింది వేదాంత్. ఈసారి గిస్లేను వేషం అతనిది. కతోలికుడు కాదు, గొంతు బాగుందని కమిటీవాళ్లు తెచ్చుకున్న పక్కవీధి అబ్బాయి.

"తాతగారు! మీరు మ్యాడ్‌గా ఉన్నారా?" అన్నాడు వేదాంత్ కంగారుగా.

"నీ మీద కాదు నాయనా. పోయి సమోసా తిను. తలుపు తీసేటప్పుడు వెనక్కి చూడకు, వెంటనే తీయి. ఆలోచించేవాడు తీయలేడు."

వేదాంత్ వెళ్లిపోయాడు. రాయప్ప అద్దం ముందు స్టూలు మీద ఒక్కడే ఉన్నాడు. కిరీటం ఒళ్లో పెట్టుకుని, ఊడిన కాగితాన్ని హాకీ కర్రకు టేపుతో అంటిస్తున్నాడు. తాతను, తాత చేతిలోని దండాన్ని చూసి చేతులు ఆగిపోయాయి.

"దొరికిందా బావా?"

"దొరికింది."

బయట ఎవరో టీలో చక్కెర ఎక్కువైందని అరుస్తున్నారు.

"తప్పు చేశాను" అన్నాడు రాయప్ప. "భయపడ్డా బావా. ఆ మొక్కజొన్న చేల దగ్గర నువ్వు నా వైపు తిరిగి 'మనం ఎక్కడికి పోతున్నాం రాయప్పా' అన్నావు చూడు. నాకు కాళ్లు చల్లబడిపోయినయ్."

"నాకే చెప్పాల్సింది."

"చెప్తే వినేవాడివా?"

"వినేవాణ్ణి కాదు. నిన్ను ఇంట్లోంచి వెళ్లగొట్టేవాణ్ణి. అయినా నాకే చెప్పాలి. వాళ్లకు కాదు. నాకు చెప్పుంటే నేనే ఈ కిరీటం తీసి నీ నెత్తిన పెట్టేవాణ్ణేమో. పేపరు కుక్కకుండా లోపల కుట్టు బిగించి మరీ పెట్టేవాణ్ణి. ఆ అవకాశం కూడా లేకుండా చేశావు గదరా."

రాయప్ప కళ్ల నీళ్లతో ముఖానికి పూసిన రంగు చారలు కట్టింది. గబగబా అంగీ బొత్తాలు విప్పబోయాడు. "ఐదో అంకం నువ్వు వెయ్యి. ఆ పద్యం నీది. నేను పక్కన నిలబడి అందిస్తాను. తప్పిపోకుండా చూసుకుంటాను, రా."

తాత ఆ అంగీ వైపు చూసిన చూపు, సమోసాల దగ్గరకు రానివ్వని షుగర్ పేషెంటు చూపులా ఉంది. చేయి ముందుకు వచ్చింది కూడా. మళ్లీ శాలువాలోకి వెనక్కి వెళ్లింది.

"వద్దు. పోయినేడు వరుస తప్పి ముందే పాడేశాను. అందుకే గదా ఇంత రభస. ఈసారి వరుసలోనే జరగనీ." దండాన్ని రాయప్ప చేతిలో పెట్టాడు. "ఇది బెరెంగారికి ఇస్తున్నాను. నీక్కాదు."

నాలుగో అంకంలో తెర లేచేసరికి జనం నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. దీపాల వెలుగులో సైలెన్సర్ గొట్టం వంపు మెరిసింది. ఎవరూ నవ్వలేదు. వేదాంత్ వెనక్కి చూడకుండా తలుపు తీశాడు. సైనికులు వచ్చారు. గిస్లేను దండం లాక్కున్నాడు. ఆ క్షణంలో మేత్రాణుల ముఖం ఎలా ఉంటుందో తాతకు ఇన్నేళ్లలో తెలియదు, ఎందుకంటే ఆ ముఖం ఎప్పుడూ తనదే. మొదటిసారి బయటి నుంచి చూశాడు. అది మోసపోయిన మనిషి ముఖం. దాన్ని పెట్టుకున్నవాడు మాత్రం మోసం చేసినవాడు. ఎవరి మీద జాలిపడాలో తాతకు పాలుపోలేదు.

ఐదో అంకం. మంచం. వేదాంత్ మోకరించాడు. రాయప్ప చేయి గిస్లేను తల మీద పెట్టాడు గానీ, చూపు మాత్రం ముందు వరుసలో ఉన్న శాలువా మీద పెట్టాడు. పద్యం ఎత్తుకున్నాడు. తలుపు తీసిన చేయియే తండ్రి యనుచు... 'గుండెయే' దగ్గర రాయప్ప గొంతు పగిలింది. పద్యం అయిపోగానే వెనక వరుసల నుంచి "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని కేకలు. మేత్రాణులు మంచం మీద లేచి కూర్చుని, ఆనవాయితీ ప్రకారం జనానికి దండం పెట్టి, మళ్లీ పాడారు. తాత వన్స్ మోర్ అనలేదు, చప్పట్లూ కొట్టలేదు. పెదవులు మాత్రం అక్షరం పొల్లుపోకుండా పద్యంతోపాటు కదిలాయి. ఎక్కడా వరుస తప్పలేదు. అది పక్కన కూర్చున్న నాయనమ్మ ఒక్కతే చూసింది.

బయట మంచు పెరిగింది. నాయనమ్మ అద్దాలు తుడిచి స్టీరింగ్ ముందు కూర్చుంది. తాత ఒళ్లో శాలువా మడతపెట్టుకుని పక్క సీట్లో ఉన్నాడు. రాయప్ప రంగు కూడా కడుక్కోకుండా దండం రెండు ముక్కలూ చంకలో పెట్టుకుని పరుగున వచ్చాడు. తాత డిక్కీ బటన్ నొక్కాడు, దిగలేదు. రాయప్ప దండాన్ని దుప్పట్లో చుట్టి జాగ్రత్తగా పెట్టి, డిక్కీ మూసి, తాత వైపు కిటికీ దగ్గరకు వచ్చి వేలితో తట్టాడు.

తాత అద్దం నాలుగు వేళ్లు దించాడు.

"బావా," అన్నాడు రాయప్ప. ఆ తర్వాత ఏమనాలో తెలియక, "ఎట్లా ఉంది?" అన్నాడు.

"కిరీటం ఇంటికి పంపు. కుట్టు బిగించాలి."

అద్దం పైకి వెళ్లిపోయింది. రాయప్ప మంచులో అలాగే నిలబడ్డాడు. నాయనమ్మ కారు కదిలించి, రోడ్డెక్కాక అడిగింది.

"ఏవండీ, పాపం నాలుగు వేళ్ల సందులోంచే మాట్లాడారు. పూర్తిగా ఎప్పుడు దించుతారు?"

తాత వేళ్లు సీటు కుట్టు మీద నెమ్మదిగా కదిలాయి.

"నాకింకా నాలుగో అంకమే నడుస్తోంది లూర్దమ్మా" అన్నాడు. "ఎగ్జిట్ వస్తోంది, చూసుకో."